ఆత్మరక్షణకు రివాల్వరు: ఒక పాత గుమాస్తా అనుభవం

(మైపాడు సముద్రతీరాన కార్తీక వనభోజనాల సందర్భంగా జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పులిహోర, గారెలు, పెరుగన్నం అయ్యాక సముద్రపు గాలికి ఎవరికైనా కునుకు వస్తుంది. అటువంటి సమయంలో ఉపన్యాసమంటే వినేవారికీ శిక్షే, చెప్పేవారికీ శిక్షే. అయినా కార్యదర్శిగారు పట్టుబట్టి నన్ను నిలబెట్టారు. మనం కలిసినప్పుడల్లా మాట్లాడుకునేవి డి.ఎ., ఎరియర్స్, హెల్త్ కార్డులు. ఈ రోజు వాటికి సెలవు ఇచ్చి వేరే సంగతి చెబుతాను.

మన సభ్యులొకరు బెంగుళూరులో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళినప్పుడు ఇంట్లో దొంగలు పడిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగిన సర్వసభ్య సమావేశంలో నలుగురైదుగురు నన్ను చుట్టుముట్టారు. "మీరు ఆయుధాల లైసెన్సుల సీటు చూశారు గదా, మాకు రివాల్వరు లైసెన్సు వస్తుందా? వస్తే నడుములో పెట్టుకొని తిరగొచ్చా?" అని అడిగారు. ఒక మిత్రుడు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆయన కొడుకు టెక్సాసులో ఉన్నాడు. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి చాలామందికి లైసెన్సు లేకుండానే చేతితుపాకి వెంట ఉంచుకునే వీలు కలిగింది. ఆ అబ్బాయి పాతకాలపు కౌబాయ్ రివాల్వరు ఒకటి కొని ఫోటో పంపాడట. "ఇటువంటిది మనకూ ఉంటే ధైర్యంగా ఉంటుంది" అని ఆయన నాకు ఆ ఫోటో చూపించారు.

ఆ ఫోటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చివర్లో మనవి చేస్తాను.

ముందు ఆ వస్తువేమిటో చెబుతాను. 1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' మనమందరం చూసినవాళ్ళమే. అందులో నడుముకు వేలాడే తుపాకులే ఇవి. దీన్ని సింగిల్ యాక్షన్ రివాల్వరు అంటారు. తుపాకి వెనక సుత్తి లాంటి చిన్న భాగం ఉంటుంది, హ్యామరు అంటారు. ప్రతి గుండుకూ ఆ హ్యామరును బొటనవేలితో వెనక్కి లాగాలి. అప్పుడు సిలిండరు తిరిగి తూటా ఎదురుకు వస్తుంది. ఆ తర్వాతే ట్రిగ్గరు నొక్కాలి. లాగకుండా నొక్కితే ఏమీ కాదు. ఇప్పటి రివాల్వర్లు ఎక్కువగా డబుల్ యాక్షన్. వాటిలో ట్రిగ్గరు నొక్కితే చాలు, హ్యామరు లేవడం, పడడం రెండూ అదే చేసుకుంటుంది. మన కాన్పూరు ఫ్యాక్టరీలో తయారయ్యే .32 రివాల్వరు ఆ రకమే. 2014లో ఆడవారి కోసమని చెప్పి తెచ్చిన అర కేజీ బరువు 'నిర్భీక్' కూడా అదే రకం.

ప్రతిసారీ లాగవలసి రావడం వల్ల సింగిల్ యాక్షన్ భద్రమైనదని చాలామంది అనుకుంటారు. సగం నిజమే. కాని 1873లో అమెరికాలో కోల్ట్ కంపెనీ తెచ్చిన నమూనాలోనూ, దాన్ని చూసి చేసిన పాత తుపాకుల్లోనూ ఒక చిక్కు ఉంది. హ్యామరు దించి ఉన్నప్పుడు దాని మొన సరిగ్గా తూటా అడుగునే ఆనుకొని ఉంటుంది. తుపాకి చేయి జారి వెనకవైపు రాతి మీద పడిందంటే ట్రిగ్గరు ముట్టకుండానే పేలవచ్చు. అందుకని తెలిసినవారు ఆరు గదుల సిలిండరులో ఐదే తూటాలు వేసి, ఖాళీ గది మీద హ్యామరు దించి ఉంచేవారు. ఈ లోపాన్ని సవరించి, ట్రిగ్గరు నొక్కితే తప్ప దెబ్బ తూటాకు చేరకుండా మధ్యలో ఒక పట్టీ పెట్టిన నమూనాను అక్కడి రూగర్ కంపెనీ 1973లో తెచ్చింది. అంతకు ముందరి తుపాకులకు ఆ రక్ష లేదు. తూటాలు తీయడం కూడా ఒక్కొక్కటే, పక్కనున్న చిన్న తలుపు గుండా. మన వయసువారి వణికే వేళ్ళకు అది తేలిక పని కాదు.

ఇక చట్టం సంగతి. తెల్లవారు 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు ఆయుధాల చట్టం తెచ్చి, మనవారు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం చేశారు. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1930 జనవరిలో గాంధీగారు ప్రభుత్వం ముందు పెట్టిన పదకొండు కోర్కెల్లో ఉప్పుపన్ను రద్దుతో పాటు ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా ఒకటి. కాని దానికి ఒక షరతు పెట్టారు, ఆ లైసెన్సులు ప్రజల అదుపులో ఉండాలని. ఈ ఇందుకూరుపేట మండలంలోనే పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన మహాత్ముడే ఆ కోర్కె రాశారంటే మొదట నేనూ నమ్మలేదు. ఆలోచిస్తే అర్థమైంది. తుపాకి ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడం అన్యాయం. ఉన్నవాడి మీద ఎవరి అదుపూ లేకపోవడం అంతకంటె అన్యాయం.

స్వతంత్రం వచ్చాక చేసిన 1959 చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. లైసెన్సు పౌరుడికి హక్కు కాదు, కారణం చూపి అడిగితే విచారించి ఇచ్చేది. పోలీసు రిపోర్టు లేనిదే ఫైలు కదలదు. ఎన్ని తూటాలు ఉండవచ్చు, ఏ ప్రాంతం వరకు తీసుకువెళ్ళవచ్చు అన్నది లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. మా రోజుల్లో మూడేళ్ళకొకసారి రెన్యువల్. 2019 సవరణతో ఆ గడువు ఐదేళ్ళయింది. ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్న పరిమితి రెండుకు తగ్గింది. 2016 రూల్స్ ప్రకారం ముందుగా తుపాకి వాడకంలో శిక్షణ పొందాలి. బహిరంగ ప్రదేశంలో రివాల్వరు తీసుకువెళ్ళేటప్పుడు దానికోసం చేసిన తొడుగులో, పైకి ఏమాత్రం కనపడకుండా, తన అదుపులో ఉంచుకోవాలి. కనుక మిత్రులు అడిగినట్టు లైసెన్సుదారు దాచి ఉంచుకోవడం తప్పు కాదు, చట్టం చెప్పేదే అది. పంచెకట్టు మడతలో దోపుకోవడం మాత్రం ఆ తొడుగు కిందికి రాదు.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్ళు ఒక జిల్లా కార్యాలయంలో ఈ లైసెన్సుల సీటు చూశాను. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో కోస్తా అంతా రొయ్యల చెరువుల వేడిలో ఉంది. నిన్నటిదాకా వరి పండించినవారి చేతుల్లో నోట్ల కట్టలు ఆడేవి. సరుకు తూకం రాత్రిపూట, డబ్బు రొక్కం. సహజంగానే రివాల్వరు లైసెన్సుకు అర్జీలు పెరిగాయి.

వాటిలో ఒకటి నా మిత్రుడిది. పేరు చెప్పను. ఆయన తాతగారి కాలం నాటి సీమ రివాల్వరు ఒకటి ఇంట్లో ఉంది. అచ్చం ఆ టెక్సాసు ఫోటోలోని రకమే. వారసుడిగా దాన్ని తన పేర లైసెన్సు చేయించుకున్నాడు. 1980ల మధ్య నుంచి పైదేశాల తుపాకుల దిగుమతి కట్టుబడిపోవడంతో అటువంటి వాటికి మోజు పెరిగింది. ఇక్కడ దొరికే తూటాలు దానికి పట్టేవి కావు. తాతగారు దాచిన పాత తూటాలు గుప్పెడున్నాయి, అవే.

ఆయన రోజూ దాన్ని నడుములో పెట్టుకొనే తిరిగేవాడు. అది ఎంత పనో నేను దగ్గరగా చూశాను. పల్చటి తెల్లచొక్కాలో ఉబ్బెత్తుగా కనపడుతుందని ఎండాకాలంలో కూడా పైన కోటు లాంటిది తొడిగేవాడు. చెమటకూ ఉప్పుగాలికీ ఇనుము వారం తిరక్కుండా ఎర్రబడేది. తోలు తొడుగులోనే వదిలేస్తే తేమ పట్టి ఇంకా తొందరగా తుప్పు పట్టేది. దాంతో రోజూ రాత్రి నూనెగుడ్డతో తుడవడం ఒక సంధ్యావందనమయింది. గుడికి వెళితే ఎక్కడ పెట్టాలి? పెళ్ళిలో పంక్తిలో కూర్చుంటే ఎట్లా సర్దుకోవాలి? కిక్కిరిసిన బస్సు ఎక్కేవాడు కాదు. కల్యాణ మండపంలో ఎవరైనా ఆప్యాయంగా కౌగిలించుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసేవాడు. కూతురు పరుగెత్తుకొస్తే ఎడమ చంకన ఎత్తుకునేవాడు, కుడివైపు రానిచ్చేవాడు కాదు. స్నానాల గదికి వెళ్ళేటప్పుడు బీరువాలో పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు.

1991 ఎన్నికలప్పుడు అందరితో పాటు ఆయనా దాన్ని పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేశాడు. తిరిగి తీసుకునే రోజున నాతో ఒక మాట అన్నాడు. "అన్నా, ఈ దినాల్లో కడుపు నిండా నిద్రపోయినా." నవ్వుకున్నాం. ఆ మాటలో ఉన్న బరువు అప్పుడు నాకు తెలియలేదు.

మరుసటి ఏడు రెన్యువల్ వచ్చింది. ఆయుధం తెచ్చి చూపించాలి, నంబరు సరిచూడాలి, స్థితి చూడాలి. ఆయన శనివారం సాయంత్రం ఆఫీసు మూసేవేళకు పుస్తకం ఒక్కటే పట్టుకొని వచ్చాడు. "అన్నా, ఈ పొద్దు దాన్ని తేవడం మర్చిపోయినా. సోమవారం తెచ్చి చూపిస్తా. నువ్వు రాసేయి" అన్నాడు. మంచి స్నేహితుడు, పరువైన మనిషి. నేను నోట్‌లో "ఆయుధమును పరిశీలించడమైనది, సరిగా ఉన్నది" అని రాశాను. సంతకాలయ్యాయి. సోమవారం ఆయన రాలేదు, నేను అడగలేదు.

1993 వానాకాలంలో ఒక రాత్రి ఆయన చెరువు దగ్గర మోటారుసైకిలు దిగుతుండగా రివాల్వరు నడుములోంచి జారి తూము రాయి మీద పడి పేలింది. ఆరు గదుల్లోనూ తూటాలు ఉన్నాయి. హ్యామరును పట్టి ఉంచే గాడి ఏనాడో అరిగిపోయి ఉందని తర్వాత చూసినవారు చెప్పారు. లాంతరు పట్టుకొని ఎదురొచ్చిన కాపలావాడి కొడుకు కాలికి, చీలమండకు కాస్త పైన గుండు తగిలింది. పిల్లవాడికి పదిహేనేళ్ళు. ప్రాణం దక్కింది, కాలు మాత్రం మళ్ళీ పూర్తిగా నేలమీద ఆనలేదు.

కేసయింది. లైసెన్సు రద్దయింది. మిత్రుడు ఆసుపత్రి ఖర్చు, ఆ కుటుంబానికి కొంత డబ్బు ఇచ్చాడు. మనిషి కుంగిపోయాడు. "అది నన్ను కాపాడిన రోజు ఒక్కటన్నా లేదన్నా. నేనే దాన్ని పద్దాకా కాపాడుకుంటా వచ్చినా. ఒక్క రాత్రి కాపాడలేకపోయినా" అన్నాడు. ఆయన ఇప్పుడు లేరు.

విచారణకు నా ఫైలు కూడా తెప్పించారు. "పరిశీలించడమైనది" అన్న మాట ఉంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో నేను రాసిన ఒక అబద్ధం నన్ను కాపాడింది. పని తెలిసినవాడి చేతిలో ఆ రివాల్వరును ఒక్కసారి పెట్టించి ఉంటే, ఆ అరిగిన గాడి బయటపడి ఉండేదేమో. అయిదు తూటాలే వేసుకోమని నేనైనా చెప్పి ఉండవచ్చు, అప్పటికి నాకు ఆ సంగతే తెలియదు. తెలియని వస్తువు బాగున్నదని రాసి సంతకానికి పెట్టాను. ఇన్నాళ్ళుగా ఈ మాట ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు మీ ముందు చెబుతున్నాను.

ఆ పిల్లవాడు పెరిగి, పెళ్ళయ్యాక అత్తగారి ఊరని ఈ మైపాడుకే వచ్చాడు. ఇక్కడ కొబ్బరిబొండాలు అమ్ముకుంటాడు. నేను వచ్చినప్పుడల్లా అతని దగ్గరకు వెళతాను. "ఆ అయ్య స్నేహితులు గదా" అని నా దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. నిరుడు నేను ఉండబట్టలేక ఫైలు సంగతి చెప్పేశాను. కాసేపు కొడవలి పక్కన పెట్టి కూర్చున్నాడు. "అయితే సార్, మీరు చూసుంటే అది పేలకపోవునా?" అని అడిగాడు. "చెప్పలేను నాయనా. చూసి ఉండవలసింది మాత్రం నేనే" అన్నాను. బొండం కొట్టి ఇచ్చాడు. ఆ రోజు డబ్బు తీసుకున్నాడు. ఈ రోజు పొద్దున కూడా తీసుకున్నాడు. అది న్యాయమేనని నాకు అనిపించింది.

ఇక మిత్రులు అడిగిన ప్రశ్నకు వస్తాను. లైసెన్సు రావచ్చు. నిజంగా ప్రాణభయం ఉన్నదని పోలీసులూ జిల్లా మెజిస్ట్రేటూ నమ్మితే ఇస్తారు. అటువంటి అవసరం ఉన్నవారిని నేను తప్పుపట్టను. కాని లైసెన్సు అంటే కాల్చడానికి అనుమతి అని చాలామంది పొరబడతారు. ఆత్మరక్షణ హక్కు లైసెన్సు ఉన్నా లేకున్నా అందరికీ ఉన్నదే. పాత ఐ.పి.సి.లో 96 నుంచి 106 దాకా, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఆ సెక్షన్లు ఉన్నాయి. అవసరానికి మించి హాని చేయరాదని, పోలీసుల సహాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదని వాటిలోనే రాసి ఉంది. ప్రమాదం దాటిపోయాక కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. అర్ధరాత్రి చీకట్లో, కళ్ళద్దాలు ఎక్కడ పెట్టామో తెలియని మనం, ఆ లెక్క రెండు క్షణాల్లో తేల్చుకోవాలి. తలుపు దగ్గర కదిలింది దొంగా, మంచినీళ్ళకు లేచిన మనవడా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

పైగా మన సభ్యుడి ఇంట్లో దొంగలు పడింది ఆయన ఊళ్ళో లేనప్పుడు. రివాల్వరు ఉంటే ఏమయ్యేది? నగలతో పాటు అదీ పోయేది. అది ఎక్కడ తేలుతుందో, ఎవరి మీద పేలుతుందో అని ఆయన జీవితాంతం భయపడవలసి వచ్చేది.

తాతలనాటి తుపాకులు ఇంట్లో ఉన్నవారికి మూడు మనవులు. మొదటిది, రెన్యువల్ గడువు దాటనివ్వకండి. లైసెన్సు లేని తుపాకి బీరువాలో ఉన్నా నేరమే. రెండవది, పని తెలిసినవారి చేత పరీక్ష చేయించండి. వాడకపోతే స్టేషన్లో గాని, లైసెన్సు గల డీలరు దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోండి. మూడవది, మన తర్వాత దాని గతేమిటో మనం ఉండగానే పిల్లలకు చెప్పండి. తండ్రి పోయిన దుఃఖంలో పిల్లలు బీరువా తెరిచి తుపాకి చూసి బెంబేలెత్తిన ఇళ్ళు నా సీటు ముందుకు చాలా వచ్చాయి. లైసెన్సుదారు పోతే వారసులు ఆలస్యం చేయకుండా దాన్ని అప్పగించి, కావాలంటే తమ పేర అర్జీ పెట్టుకోవాలి.

మిగిలిన వారికి చెప్పేది కొత్తదేమీ కాదు. ఊరికి వెళుతుంటే పక్కింటివారికీ స్టేషనుకూ చెప్పి వెళ్ళండి. బంగారం లాకరులో పెట్టండి. తలుపుకు లోపలి గడియ బలంగా వేయించండి. 112 నంబరు ఫోన్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. ఒంటరిగా ఉంటున్న సభ్యులకు మనం వంతులు వేసుకొని రోజూ ఒక ఫోను చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. మొదటి వంతు నాకే వేయండి.

టెక్సాసు ఫోటో చూపించిన మిత్రునికి ఒక మాట. మీ అబ్బాయికి ఈసారి ఫోను చేసినప్పుడు, అందులో ఎన్ని తూటాలు వేసి ఉంచుతున్నాడో అడగండి. ఆరు అంటే, ఈ మైపాడులో నేను చెప్పిన కథ అతనికి చెప్పండి.

 ఇంటికి వెళ్ళేముందు కొబ్బరిబొండాలు తాగుదాం. అందరూ డబ్బులిచ్చే తాగండి. సెలవు.